తాత చెవుడు, మనవరాలి చెవుడు

శ్రీరాంపురం నుంచి ఒక తల్లి మన పత్రికకు చీటీ రాసి పంపింది. పేరు వేయొద్దంది కాబట్టి వేయడం లేదు. ఆమెను సొంత మేనమామకే ఇచ్చి చేశారు. మూడేళ్ల పాప ఉంది. పాపకు పుట్టుకతోనే చెవులు వినపడవు. ఆమె మామగారు, అంటే వరసకు సొంత తాతే, మిల్లులో వీవింగ్ షెడ్డులో ముప్పై ఏళ్లు మగ్గాలు నడిపిన మనిషి. ఆయనకూ చెవుడే. చీటీలో ఇట్లా ఉంది:

"తాత చెవుడు పాపకు వచ్చిందని కొందరంటారు. గ్రహణం నాడు నేను బయట తిరిగినందుకే అని అవ్వ అంటుంది. ఇప్పుడు నా చెల్లెల్ని మా ఆయన తమ్మునికి ఇద్దామని పెద్దోళ్లు మాట్లాడుకుంటా ఉండారు. ఇంత చూసినాక కూడా ఇయ్యొచ్చునా అక్కా?"

నేను డాక్టర్ని కాను. ఆస్పత్రి ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైనదాన్ని. ఈ ప్రశ్న ఈమె ఒక్కదానిదే కాదు, మన వీధుల్లో చాలా ఇళ్లది. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే.

ముందు తాత సంగతి చూద్దాం. ఆయన మిల్లులో చేరిన రోజు చెవులు బాగానే వినపడేవి. షెడ్డులో వందల మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకే మిల్లువాళ్లు చేతి సైగలతో, పెదవుల కదలిక చూసి మాట్లాడుకునేవాళ్లు. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్‌ల శబ్దం హద్దు అని ఫ్యాక్టరీ నిబంధనలు చెప్తాయి. పాత షటిల్ మగ్గాల షెడ్డు ఆ హద్దు దాటేది. చెవి లోపల సన్నటి వెంట్రుకల లాంటి కణాలుంటాయి. పెద్ద శబ్దానికి అవి ఏళ్ల తరబడి దెబ్బతిని చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. తాత చెవుడు అట్లా వచ్చింది. అది మగ్గం ఇచ్చిన చెవుడు. చేతికి కాసిన కాయలు బిడ్డకు రానట్టే, ఈ చెవుడూ బిడ్డకు రాదు.

మిల్లు దగ్గు కూడా అంతే. తండ్రికీ కొడుక్కీ ఒకే దగ్గు ఉంటే "రక్తంలో వచ్చింది" అంటాం. ఇద్దరూ పీల్చింది ఒకే పత్తి దుమ్ము. వారం సెలవు తర్వాత మొదటి రోజు పనిలో ఛాతీ పట్టేసేది ఆ దుమ్ము జబ్బే. ఒక ఇంట్లో ఇద్దరికి ఉన్నదల్లా వంశపారంపర్యం కాదు. ఒకే పని, ఒకే గాలి, ఒకే నీళ్లు కూడా ఒకే జబ్బు ఇస్తాయి.

మరి వంశంలో వచ్చేది ఏది? కబ్బన్‌పేట సందుల్లో పట్టుచీరల మగ్గాలు చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. మగ్గం పైన చిల్లుల అట్టలు దండలాగా వేలాడుతుంటాయి కదా, జకార్డు అట్టలు. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. చీర మీద నెమలి రావాలా, మామిడి పిందె రావాలా అన్నది ఆ చిల్లుల్లోనే రాసి ఉంటుంది. మన ఒంట్లో లక్షల కోట్ల కణాలున్నాయి. దాదాపు ప్రతి కణంలోనూ అట్లాంటి అట్టల దండ ఒకటుంది. దాని పేరే డీఎన్ఏ. మెలితిప్పిన నిచ్చెనలా ఉండే సన్నటి దారం అది. ఒక్క కణంలోని దారాన్ని సాగదీస్తే సుమారు రెండు మీటర్లు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన ఎక్స్‌రే ఫొటో ఆధారంతో వాట్సన్, క్రిక్ అనే ఇద్దరు 1953లో దాని ఆకారం తేల్చారు.

ఈ అట్టల మీద చిల్లులకు బదులు నాలుగు అక్షరాలుంటాయి: ఏ, టీ, జీ, సీ. సుమారు 300 కోట్ల అక్షరాలు. అందులో ఒక పని చెప్పే ముక్కను జన్యువు అంటారు, ఇంగ్లీషులో జీన్. మనిషికి సుమారు 20 వేల జన్యువులు. ఒకటి రక్తంలో ఎర్రదనం తయారు చేయడం చెప్తుంది, ఇంకొకటి చర్మం రంగుకు, మరొకటి చెవి లోపలి పనికి.

అసలు విషయం ఏమిటంటే, ఈ దండ మనకు ఒకటి కాదు, రెండున్నాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఇంకొకటి తండ్రి ఇచ్చింది. ఒక్కో దండ 23 కట్టలుగా ఉంటుంది. రెండూ కలిపి 46. వీటినే క్రోమోజోములు అంటారు. ప్రతి జన్యువూ మనకు రెండు నకళ్లు ఉంటాయన్నమాట. (23వ జత మాత్రం మగవాళ్లలో వేరే తీరు. దాని సంగతి కింద చెప్తా.) తల్లి ఇచ్చిన నకలులో ఒక అక్షరం తప్పు పడినా, తండ్రి ఇచ్చినది సరిగా ఉంటే చాలాసార్లు పని నడిచిపోతుంది. ఆ మనిషికి తన దగ్గర తప్పు ఉందని జీవితమంతా తెలియదు. ఒంటికి ఏ కష్టమూ ఉండదు. ఇట్లాంటి దాగిన తప్పులు మనలో ప్రతి ఒక్కరి దగ్గరా కొన్ని ఉన్నాయి. నా దగ్గరా ఉన్నాయి, మీ దగ్గరా ఉన్నాయి.

చిక్కు ఎప్పుడంటే, అదే జన్యువులో తప్పున్న ఇద్దరు ఆలుమగలైనప్పుడు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు రెండు నకళ్లూ తప్పువే వస్తాయి. అప్పుడే జబ్బు బయటపడుతుంది. "ఒకరికి వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు" అనే లెక్క తప్పు. పాచిక ప్రతిసారీ కొత్తగా వేసినట్టే. ఈ లెక్కను మొదట కనిపెట్టింది గ్రెగర్ మెండెల్ అనే పాదిరి. బఠాణీ మొక్కలు పెంచి, లెక్కలు రాసి 1866లో అచ్చు వేశాడు.

పుట్టు చెవుడులో సగానికి పైగా జన్యువుల వల్ల వచ్చేదే. మిగతాది కడుపుతో ఉన్నప్పుడు తల్లికి సోకిన రుబెల్లా లాంటి జబ్బులు, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినాక ముదిరిన కామెర్లు, మెదడువాపు వల్ల. జన్యువుల్లో జీజేబీ2 అనేది మన దేశంలో తరచుగా కనిపిస్తుంది. చెవి లోపల నత్తగుల్లలా ఉండే భాగంలో ఒక కణం నుంచి ఇంకో కణానికి లవణాలు పోయే దారిని కట్టేది ఆ జన్యువే. అందులో ఒకచోట జీ ఉండాల్సింది ఏ పడితే పని సగంలోనే ఆగిపోతుంది. ఒక్క అక్షరం! పుట్టు చెవుడు ఉన్న పిల్లల్లో ఎక్కువమంది తల్లిదండ్రులకు చెవులు బాగానే వినపడతాయి, ఎందుకంటే వాళ్ల దగ్గర ఉన్నది ఒక్క తప్పు నకలే.

ఇప్పుడు తాత మాట మళ్లీ చూడండి. ఆయన చెవుడు పాపకు రాలేదు. పాప చెవుడు ఈ రకందే అయితే, దాగిన తప్పు ఒకటి తాత దగ్గరో అవ్వ దగ్గరో ఉండి, అక్కడి నుంచి కొడుకు ద్వారా ఒకటి, కూతురు ద్వారా మనవరాలికి ఇంకొకటి దిగి, ఆ రెండూ పాపలో కలిసి ఉండవచ్చు. అది తాత తప్పూ కాదు, అవ్వ తప్పూ కాదు. గ్రహణం నాడు తల్లి బయట తిరిగితే అక్షరాలు మారవు. బిడ్డకు రెండు తప్పులు కలవాలంటే ఒకటి తండ్రి నుంచే రావాలి. కాబట్టి కోడలి ఒక్కదాని మీదే నింద వేసే మాట లెక్కకే నిలవదు.

ఆడపిల్ల పుట్టిందని తల్లిని అనే మాట కూడా అంతే. తల్లి దగ్గర రెండూ ఎక్స్ కట్టలే. తండ్రి దగ్గర ఒక ఎక్స్, ఒక వై. తండ్రి నుంచి వై వస్తే మగబిడ్డ, ఎక్స్ వస్తే ఆడబిడ్డ. అడగాల్సి వస్తే అల్లుణ్ణి అడగాలి. అతనికీ అది చేతిలో లేదు.

మేనరికం సంగతికి వద్దాం. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగింట ఒక వంతు ఉమ్మడి. మేనత్త, మేనమామ పిల్లలైన బావామరదళ్లకు ఎనిమిదింట ఒక వంతు. ఎంత దగ్గర చుట్టరికమైతే అదే దాగిన తప్పు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం అంత ఎక్కువ. మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. 1980 నుంచి 1989 వరకు బెంగళూరు, మైసూరు ఆస్పత్రుల్లో పుట్టిన పిల్లలకు రక్తపరీక్షలు చేస్తూ, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త అప్పాజీరావు గారు, తోటివాళ్లు లక్షకు పైగా జంటల వివరాలు రాసుకున్నారు. అందులో దాదాపు మూడింట ఒక వంతు రక్తసంబంధం లోపలి పెళ్లిళ్లే.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏ జంటకైనా నూరు మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో లోపం ఉంటుంది. బావామరదళ్ల పిల్లల్లో దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. మేనమామ పెళ్లిలో ఇంకొంచెం ఎక్కువ. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. మేనరికం చేసుకున్నవాళ్లు బాధపడాల్సిన పని లేదు. కానీ ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకు లోపం కనిపిస్తే లెక్క మారిపోతుంది.

"మేము చుట్టాల్లో చేయలేదు, కులంలోనే బయటి సంబంధం చేశాం" అంటారా? అక్కడా కొంచెం ఆలోచించాలి. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 260కి పైగా దక్షిణాసియా సమూహాలను చూసి 2017లో ఫలితాలు ప్రకటించారు. తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకున్న చాలా కులాల్లో, కొద్దిమంది పూర్వీకుల దాగిన తప్పులు అందరిలోకీ పాకి ఉన్నాయని తేలింది. మన తెలుగు వైశ్యుల సంగతి అందులో ఒక ఉదాహరణ. ఆపరేషన్‌కు ముందు కండరాలు వదులు కావడానికి ఇచ్చే ఒక మందు కొందరికి తొందరగా విరగదు, ఊపిరి ఆడటం కష్టమవుతుంది. ఆ లోపం వాళ్లలో మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. తెలుసుకోవడం వల్ల లాభం అదే.

ఇక చెల్లెలి పెళ్లి. పాప చెవుడు నేను పైన చెప్పిన రకమే అయితే, తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా దాగిన తప్పు ఉన్నట్టే. ఆమె చెల్లెలి దగ్గర అది ఉండే అవకాశం సగం. మరిది దగ్గర ఉండే అవకాశం సగం. ఇద్దరి దగ్గరా ఉండేది నాలుగింట ఒకటి. వాళ్ల బిడ్డకు ఇదే చెవుడు వచ్చే అవకాశం పదహారింట ఒకటి. బస్సులో పదహారు మంది కూర్చుంటే అందులో ఒకరు అనుకోండి. తక్కువ కాదు.

దీన్ని పరీక్షతో తేల్చుకోవచ్చు. ముందు పాపకు జన్యు పరీక్ష చేయించాలి. ఏ అక్షరం తప్పో దొరికితే, తర్వాత మరిదికి ఒక్కడికి ఆ ఒక్క తప్పు ఉందా అని చూస్తే చాలు. అతని దగ్గర లేకపోతే చెల్లెలికి పరీక్షే అక్కర్లేదు. కొన్నిసార్లు పాపలో కారణం దొరకదు, అది కూడా తెలిసి ఉండండి. ఒకవేళ పరీక్ష బాగానే వచ్చినా అది ఈ ఒక్క తప్పు గురించే. వేరే దాగినవి ఆ ఇద్దరికీ ఉమ్మడిగా ఉండవచ్చు. నన్నడిగితే వేరే సంబంధం చూడమంటాను. బయటి సంబంధం వాళ్లు "అక్క బిడ్డకు చెవుడట" అని వెనకాడితే, ఈ పేజీ చూపించండి. చెల్లెలి దగ్గర ఒక తప్పు నకలు ఉన్నా, దూరపు వరుడి దగ్గర అదే తప్పు ఉండటం అరుదు.

అన్నిటికంటే ముందు పాప సంగతి. మూడేళ్లంటే ఇంకా సమయం ఉంది, కానీ ఎక్కువ లేదు. నెల లోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో మిషన్ మొదలు, ఇదీ డాక్టర్లు చెప్పే లెక్క. ఆలస్యమైంది కదా అని ఆగిపోవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా ఉంది. అంగన్‌వాడీలోనో ఆరోగ్య కేంద్రంలోనో అడిగితే దారి చూపిస్తారు. మైసూరులో వాక్కు, వినికిడికే ప్రత్యేకమైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. జన్యువుల సలహాకు బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీలో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ ఉంది. చెవి మిషన్‌తో మాట నేర్చుకున్న పిల్లలున్నారు. సైగల భాషతో చదివి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లూ ఉన్నారు. వీవింగ్ షెడ్డులో మన పెద్దవాళ్లు సైగలతోనే ఎన్నేళ్లు కాపురాల కబుర్లు చెప్పుకోలేదు!

పెళ్లి మాటలు నడుస్తున్న ప్రతి ఇంటికీ ఒక మాట. జాతకాలు రాసుకునే కాగితం వెనక్కి తిప్పి ఇంకొకటి రాయండి. రెండు వైపులా మూడు తరాల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు, పుట్టు చెవుడు, గుడ్డితనం, బుద్ధి ఎదగకపోవడం, తరచూ రక్తం ఎక్కించాల్సి రావడం, పసిబిడ్డలు వరసగా పోవడం ఎవరింట్లో జరిగాయి. దాచకుండా రాయండి. ఏదైనా కనిపిస్తే నిశ్చితార్థానికి ముందే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. డాక్టరు మొదట అడిగేది కూడా ఆ వివరాలే.