పురుగును ఎరిగిన పిదపనే మందు

చిక్కుడు తీగను పేనుబంక క్రమ్ముకొన్న దినములలో, ఆ ఆకుల నడుమ, నల్లని దేహముపై నారింజవన్నె మచ్చలును సన్నని ముండ్లును గలిగి, మొసలిపిల్ల ఆకారమున వడివడిగా ప్రాకు చిన్న పురుగొకటి కనబడును. పేనుబంక నిశ్చలముగా కాడకు అంటుకొని రసమును పీల్చుచుండగా, కదలుచున్న ఈ వికృతాకారమే సర్వానర్థమునకు మూలమని తలచి గృహస్థుడు దానినే నలిపివేయును. వాస్తవమున అది అక్షింతల పురుగు పిల్ల. కొలది దినములలో నిగనిగలాడు ఎఱ్ఱని వీపుతో, నల్లని చుక్కలతో, పిల్లలు అరచేత నుంచుకొని మురియు పురుగుగా మారవలసినది. ఎదుగుచున్నంత కాలము వందలకొలది పేనుబంకను భక్షించునది.

ఇట్టి పొరపాటు పెరళ్లలోను, ఇటీవల హైదరాబాదు మొదలగు నగరములలో ఆదరము పొందుచున్న మిద్దెతోటలలోను, ఎకరములకొలది పొలములలోను ఒకే తీరున జరుగుచున్నది. పురుగుమందులను గూర్చి మనము చిరకాలముగా చర్చించుచున్నాము; ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని మారులు అను ప్రశ్నలే ఆ చర్చను ఆక్రమించినవి. వీనికన్న ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఈ పురుగు ఏది, దీని ఆహారమేది? ఈ ప్రశ్నకు బదులు చెప్పగల చూపును అలవరుపకయే రైతు భుజమునకు పిచికారీ పంపును తగిలించుట అన్యాయమని నా దృఢాభిప్రాయము.

ఈ చూపు సులభముగా అలవడునది కాదని ఒప్పుకొనవలెను. ఏలయన ప్రకృతి మిత్రులకు ఒక వేషమును, శత్రువులకు మరియొక వేషమును కేటాయింపలేదు. వంగ ఆకులను గీకి, ఈనెలు మాత్రము మిగిల్చి జల్లెడగా మార్చు పురుగు సైతము అక్షింతల పురుగు కుటుంబములోనిదే. అయితే దాని వీపున మెఱుగు లేదు, సన్నని నూగు కప్పి మసకగా నుండును, దాని పిల్ల పసుపుపచ్చని దేహముపై కొమ్మలు చీలిన ముండ్లను ధరించి యుండును. అంతకన్న చిత్రమైనది క్రిప్టోలీమస్ అను పెంకుపురుగు. 1898లో ఆస్ట్రేలియా నుండి మన దేశమునకు తెప్పింపబడిన ఈ జాతి పిండినల్లిని తినును; కాని దీని పిల్లయు పిండినల్లివలెనే తెల్లని మైనపు పోగులు కప్పుకొని యుండుటచే, మందారమొక్కను శుభ్రము చేయువారు రెంటిని కలిపి తుడిచిపెట్టుదురు. నెమ్మదిగా చూచినచో, పిల్ల పెద్దదిగా, పోగులు పొడుగుగా నుండి, చురుకుగా తిరుగుచుండుట తెలియును.

అల్లికరెక్కల పురుగు తన గ్రుడ్లను సన్నని కాడల కొనలయందు ఒక్కొక్కటిగా నిలుపును. వానిని బూజని తలచువారు కలరు. గొంగళి దేహముపై గుంపుగా నున్న చిన్న తెల్లని గూళ్లను గ్రుడ్లని భ్రమించి మందు చల్లువారు కలరు. అవి పరాన్నభుక్కులైన కందిరీగల గూళ్లు. ఆ గొంగళి ఎట్లును మరణింపనున్నది. దానిని అట్లే విడిచినచో, అందుండి వెలువడు కందిరీగలు తోటలోని తక్కిన గొంగళులను వెదకికొనును. గులాబి ఆకు అంచున గుండ్రముగా కత్తిరించిన గుర్తులను చూచి కలవరపడ నక్కఱలేదు. తన గూటికై ఆకుముక్కలను కొనిపోవు ఆ తేనెటీగ కంది పూతకు పరాగమును చేర్చు ఉపకారి.

పొలమునకు వచ్చునప్పటికి ఈ అజ్ఞానపు మూల్యము భారమగును. వరిలో సుడిదోమను అదుపున నుంచునవి సాలీళ్లును, దాని గ్రుడ్లను పీల్చు మిరిడ్ నల్లులును. దోమ కనబడిన మాత్రముననే తీవ్రమైన మందు చల్లినచో మొదట నశించునవి ఈ కాపరులే; వరికాడలో దాగిన దోమగ్రుడ్లు మిగిలి, పిల్లలై, అడ్డులేని చేనిలో ఇబ్బడిముబ్బడిగా పెరుగును. ఈ సత్యమును అనుభవమున గ్రహించిన ఇండోనేషియా ప్రభుత్వము 1986లో వరిపై 57 పురుగుమందుల వాడుకను నిషేధించినది. 1989 నుండి రైతులను చేనిలోనికి దింపి, పురుగులను వారి కన్నులతో వారినే పరిశీలింపజేయు శిక్షణను ప్రారంభించినది. మనము నేడు పొలంబడి అని పిలుచు పద్ధతికి మూలము అదియే. 2008లో తమిళనాట బొప్పాయి పిండినల్లి ప్రవేశించి మల్బరీ తోటలను సైతము పాడుచేసినప్పుడు, 2010లో ప్యూర్టోరికో నుండి తెచ్చిన చిన్న పరాన్నభుక్కులు మందులకు లొంగని ఆ తెగులును అణచివేసినవి.

పురుగు అన్నదియే లేని తోట కావలెనన్న కోరికయు సరియైనది కాదు. పేనుబంక పూర్తిగా లేనిచోట అక్షింతల పురుగు నిలువదు, నిలుచుటకు దానికి ఆహారమెక్కడ? అందుచేతనే సస్యరక్షణ నిపుణులు శత్రుపురుగులు రెండుండగా మిత్రపురుగు ఒకటి యున్నచో సాధారణముగా మందు అవసరము లేదందురు. అప్పుతెచ్చి సాగుచేయు రైతు ఆ రెండు పురుగులను చూచి నిదురపోజాలడనుట నిజమే. 2021లో మిరపపూతను నల్ల తామరపురుగు ఆవరించినప్పుడు ఆంధ్ర, తెలంగాణ రైతులు పడిన వేదన ఎఱిగినవారెవ్వరును ఆ భయమును తేలికచేయరాదు. మందు తప్పనిసరియగు ఘడియలును ఉండును. కాని ఆ ఘడియ వచ్చినదో లేదో నిర్ణయించు అధికారము నేడు ఎక్కువచోట్ల మందుల దుకాణపు బల్లవద్దనే యున్నది. అమ్మువాడే వైద్యుడగుట ఏ రోగికిని క్షేమము కాదు.

కావున ప్రభుత్వములు వెచ్చింపవలసినది ఇక్కడ. ఆంధ్రప్రదేశమున రైతు సేవా కేంద్రములు, తెలంగాణమున రైతు వేదికలు ఉన్నవి. వాని గోడలపై మందుల ప్రకటనలకు మారుగా ఆ ప్రాంతపు పైరులలోని మిత్రపురుగుల చిత్రములు, ముఖ్యముగా వాని గ్రుడ్ల, పిల్లల చిత్రములు ఉండవలెను. దుకాణదారులకు హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003 నుండి నడుపుచున్న శిక్షణలో, పురుగును చేతికిచ్చి గుర్తింపుమను పరీక్షకు ప్రాధాన్యము కలుగవలెను. పాఠశాలలలో విజ్ఞానపాఠము నల్లబల్లవద్ద ఆగిపోక, సంశయాస్పదమైన గొంగళి నొకదానిని ఆకుతోసహా గాజుసీసాలో నుంచి, పలుచని గుడ్డ కట్టి, అందుండి చిమ్మట వచ్చునో, కందిరీగ వచ్చునో పిల్లలచేతనే నమోదు చేయింపవలెను. దీనికి భవనములు అక్కఱలేదు, ఒక సీసాయు, ఒక భూతద్దమును, ఓపికగల ఉపాధ్యాయుడును చాలును. ఈ ఖరీఫులోనే దీనిని మొదలిడవచ్చును.