గెలిచిన కేసు ఎన్నిసార్లు గెలవాలి?

సైన్యంలో చేరే జవాన్లలో చాలామంది రైతుల బిడ్డలే. ఒళ్లంతా పరీక్షించి, జబ్బేమీ లేదని రాసుకున్నాకే వాళ్లను చేర్చుకుంటారు. ఏళ్ల తరబడి ఎండలో, మంచులో పనిచేశాక జబ్బు చేస్తే మాత్రం ‘ఇది ఉద్యోగం వల్ల వచ్చింది కాదు’ అని మెడికల్ బోర్డు ఒక్క ముక్క రాస్తుంది. దాంతో వైకల్య పింఛను పోతుంది.

ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి 1985లో చేరాడు. మూర్ఛ జబ్బని 1994లో ఇంటికి పంపారు. వైకల్యం 20 శాతమని రాసి కూడా పింఛను లేదన్నారు. 2013లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. చేరేనాటికి జబ్బున్నట్టు రికార్డు లేకపోతే, అది సర్వీసులో వచ్చిందనే భావించాలంది. కాదని రుజువు చేయాల్సింది జవాను కాదు, ప్రభుత్వమేనంది. బోర్డు తన మాటకు కారణాలు రాయాలంది.

అయినా ఒక్కో జవానూ అదే కేసు మళ్లీ వేయాల్సి వస్తోంది. ట్రిబ్యునల్‌లో గెలిచినా ప్రభుత్వం పైకోర్టుకు వెళుతోంది. పంట నష్టం రాయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే మనకు ఈ తిప్పట కొత్త కాదు. సర్కారు వకీలు ఫీజు ఖజానా కడుతుంది. జవాను వకీలు ఫీజుకు పొలమే దిక్కు.

ఒకరికిచ్చిన తీర్పు అలాంటివారందరికీ వర్తించాలి. గెలిచినవారిపై అప్పీళ్లు ఆపాలి. మీ ఊళ్లో ఇలా తిరిగొచ్చిన జవాను ఉంటే డిశ్చార్జి కాగితం, మెడికల్ బోర్డు నకలు తీయించి చదివించండి. బోర్డు కారణం రాయలేదంటే, అడిగే హక్కు ఆయనకుంది. ఆ పోరాటంలో పక్కన నిలబడడం రైతు సంఘం పనే.