సన్నని సెగ, స్లో కుక్కరు

పట్టణాలలోని వంటసామాను దుకాణాలలోను, అమెరికా నుండి సెలవులకు వచ్చే పిల్లల పెట్టెలలోను ఇటీవల స్లో కుక్కరు అనే విద్యుత్ పాత్ర కనబడుతున్నది. ఉదయం పప్పు, నీరు పోసి మీట నొక్కి ఉద్యోగానికి వెళ్ళిపోతే సాయంత్రానికి వంట సిద్ధంగా ఉంటుందన్నది దాని ఆకర్షణ. ఆయుర్వేదాభిమానులు కొందరు మరొక అడుగు ముందుకు వేసి, మృద్వగ్నిపై ఉడికినది కనుక ఆ ఆహారం ఔషధ సమానమని కూడా చెబుతున్నారు. పాత్ర మంచిదే. కాని ఔషధం మాట అటుంచి, అది ఏ పదార్థానికి తగునో, దేనికి తగదో తెలియకుండా వాడితే మేలుకు బదులు కీడు జరుగగలదని నా అభిప్రాయం.

సన్నని సెగ మనకు కొత్త కాదు. పిడకల దాలిపై గంటల తరబడి కాగి ఎర్రని మీగడ కట్టిన పాలను ఎరిగిన పెద్దలు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. ఉలవచారు రుచి అంతా నిదానంలోనే ఉన్నది. కలకత్తాకు చెందిన డాక్టర్ ఇందుమాధవ్ మల్లిక్ 1910 ప్రాంతంలో బొగ్గుల సెగతో, ఆవిరితో నిదానంగా ఉడికించే ‘ఇక్మిక్ కుక్కరు’ను రూపొందించారు. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజనీరు 1940లో విద్యుత్ పాత్రకు పేటెంటు పొందాడు. లిథువేనియాలోని విల్నాలో, విశ్రాంతి దినమున నిప్పు ముట్టరాదు కావున, చిక్కుళ్ళ కుండను ముందురోజే రొట్టెల పొయ్యిలో ఉంచి రాత్రంతా ఉడకనిచ్చే ఆచారాన్ని తల్లి చెప్పగా విని అతడు ఆ ఆలోచన చేశాడట. 1971లో అదే ‘క్రాక్‌పాట్’ పేరుతో మార్కెట్టుకు వచ్చింది. అనగా ఈ పాత్ర పుట్టుక కూడా ఒక అమ్మ చెప్పిన కుండ కథలోనే ఉన్నది.

అయితే కుండకు, ఈ పాత్రకు ఒక భేదం ఉన్నది. పొయ్యిమీది కుండ ముందు పెద్ద మంటపై మరిగి, ఆ తరువాతనే సన్నని సెగకు దిగుతుంది. స్లో కుక్కరు చల్లని స్థితి నుండి మెల్లమెల్లగా వేడెక్కుతుంది. సుమారు 5 నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య సూక్ష్మక్రిములు వేగంగా వృద్ధి చెందుతాయి; ఆహారం ఆ నడిమి వేడిలో ఎంత తక్కువసేపు ఉంటే అంత క్షేమం. రాజ్మా గింజల విషయం మరింత ముఖ్యం. వాటిలో సహజంగా ఉండే లెక్టిన్ అనే విషపదార్థం గట్టి మరుగుతోనే నశిస్తుంది, సన్నని సెగకు లొంగదు. సగం ఉడికిన రాజ్మా తిన్నవారికి కొద్ది గంటలలోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. కావున గింజధాన్యం ఏదైనా సరే, నానబెట్టిన నీరు పారబోసి, కొత్త నీటితో పొయ్యిపై కనీసం 10 నిమిషాలు తెర్లనిచ్చి, ఆ వేడివేడిదానినే స్లో కుక్కరులో పోయవలెను. ఈ ఒక్క నియమం పాటించలేనివారు ఆ పాత్ర కొనకపోవడమే మంచిది.

విదేశం నుండి తెచ్చుకున్నవారు మొదట అడుగున ఉన్న చీటీ చూడాలి. అమెరికా పాత్ర 120 వోల్టులకు చేసినది, మన ఇళ్ళలో 230 ఉంటుంది. నేరుగా పెడితే వంట కాదు, పాత్రే మాడిపోతుంది.

ఇక విద్యుత్తు సంగతి. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి తీరగ్రామాల వారికి దీనిని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఆ జిల్లాలో ఎన్ని ఊళ్ళు చీకటిలో ఉండిపోయినవో అందరికీ జ్ఞాపకమే. తుపాను లేని రోజున కూడా, ఇంట ఎవరూ లేనప్పుడు రెండు గంటలు కరెంటు పోయి తిరిగి వచ్చిందనుకోండి. సాయంత్రం ఇల్లాలు మూత తీస్తే వంట వేడిగానే కనబడుతుంది, వాసనలో భేదమూ ఉండదు. నడుమ అది గోరువెచ్చగా పడి ఉన్న సంగతి ఎవరు చెప్పాలి? కరెంటు ఎంతసేపు ఆగినదో తెలియనప్పుడు ఆ వంటను పారవేయక తప్పదు. కరెంటు నమ్మకంగా ఉండని ఊళ్ళలో దీనిని మనిషి ఇంట ఉన్న పూటనే వాడుకోవాలని నేను అంటాను. ‘పెట్టి వెళ్ళిపోవచ్చు’ అన్న వ్యాపార ప్రకటన మన ఊళ్ళను చూసి వ్రాసినది కాదు.

భావనపాడు చేపల రేవు. అటువంటి చోట చేపల పులుసును ఇందులో పెడితే ఎలా ఉంటుందన్న ప్రశ్న సహజమే. పెట్టవద్దు. చేప కండలో గట్టి నారపొర తక్కువ. చింతపండు పులుసులో కొద్ది నిమిషాలలోనే ఉడుకుతుంది, ఆరు గంటలు ఉంచితే పిప్పి అవుతుంది. పైగా కానాగంత, సూర వంటి చేపలు వెచ్చగా నిలిచిపోతే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. ఒకసారి పుట్టినదానిని ఎంత మరిగించినా పోదు, తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. మేకకాళ్ళ సంగతి వేరు. నిదానమైన సెగపైనే వాటి గట్టి నరాలు కరిగి జిగురు దిగుతుంది.

క్రొత్తగా మొదలుపెట్టేవారు ఉలవలతో ప్రారంభించడం మేలు. ఒక గ్లాసు ఉలవలను 8 గంటలు నానబెట్టి, పైన చెప్పినట్లు మరిగించి, ఆరు గ్లాసుల మరుగుతున్న నీటితో పాత్రలో పోసి, తక్కువ సెగపై 8 గంటలు ఉంచండి. పాత్ర సగానికి తగ్గకుండా, మూడు వంతులకు మించకుండా నిండి ఉండాలి. మాటిమాటికీ మూత తీస్తే వేడి పోయి వంట వెనుకబడుతుంది. చింతపండు ముందుగా వేయరాదు, పులుపు తగిలిన గింజ మెత్తబడదు. ఉడికిన తరువాత నీటిని వంచుకొని, బాండీలో పులుపు, పోపు చేర్చి చిక్కబరచుకోవాలి. ఉలవ ఉష్ణవీర్యం, పిత్తాన్ని పెంచుతుంది. అమ్లపిత్తంతో బాధపడేవారు మితంగా తీసుకొనవలెను.

జావలకు ఈ పాత్ర మరీ అనుకూలం. జ్వరం తగ్గినవారికి మండము, పేయ, విలేపి అని పలుచని గంజి నుండి చిక్కని జావ వరకు క్రమంగా పెంచుతూ ఇవ్వాలని మన శాస్త్రం చెబుతుంది. బియ్యం గాని, నూకలు గాని మరిగించి ఇందులో పోస్తే అడుగంటకుండా మెత్తబడతాయి. పళ్ళు లేని వృద్ధులకు ఇది ఎంతో హాయి. అయితే దించిన జావను ఆ పూటే త్రాగించాలి.

కషాయాలకు మాత్రం ఇది తగదు. శార్ఙ్గధర సంహిత చెప్పిన విధానంలో ఒక భాగం మూలికకు 16 భాగాల నీరు పోసి, మట్టిపాత్రలో సన్నని సెగపై ఎనిమిదవ వంతు మిగిలేవరకు ఇగర్చాలి. మూత బిగించిన పాత్రలో ఆవిరి తిరిగి నీరై లోపలనే పడుతుంది. నీరు తరగదు, కషాయం కాదు, మాత్ర లెక్క తప్పుతుంది. సన్నని సెగ అన్న ఒక్క మాట పట్టుకొని శాస్త్రమంతా తమ పక్షమనుకునేవారు ఇది గమనించాలి.

మరొక మాట చెప్పవలసి ఉన్నది. భావనపాడుకు ఉత్తరాన ఉన్న ఉద్దానంలో ఎన్నో కుటుంబాలు మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నవి. కారణం శాస్త్రజ్ఞులకు నేటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. ఈ రోగులలో పొటాషియం తగ్గించుకోమని వైద్యులు చెప్పినవారు కూరగాయలను చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోస్తారు. స్లో కుక్కరులో ఆ నీరంతా కూరలోనే ఉండిపోతుంది, దానితో పొటాషియం కూడా. ‘సారం పోకుండా వండినది’ అని మనం మెచ్చుకునే గుణమే వారికి హాని. అటువంటివారు ఇంట ఉంటే వారి కూరను పొయ్యిపై వేరుగా ఉడికించి, నీరు వంచి వడ్డించండి. పప్పు ఎంత, ఉప్పు ఎంత అన్నది చికిత్స చేసే వైద్యుని అడిగి నిర్ణయించుకోండి. ఎవరో చెప్పారని మూలికా కషాయాలు వారికి ఇవ్వకండి.