తలల లెక్క సేవకు కొలత కాదు

ప్రొద్దుటూరులో గానీ పులివెందులలో గానీ స్వస్థత సభ ముగిసిందంటే మరునాడు వినిపించే ప్రశ్న ఒకటే: "జనం ఎంతమంది వచ్చినారు?" మా ఎరుకల కాలనీ పిల్లలూ అదే అడుగుతున్నారు. ఏ బోధకుడి వీడియోను ఎన్ని లక్షలమంది చూశారో నోటికి చెబుతారు. నెలనెలా మా గుడిసెలకు నడిచివచ్చి, మంచాన పడ్డ అవ్వ పక్కన కూర్చుని పోయే కాపరి పేరు మాత్రం తెలియదు. ఈ కొలత తప్పని మేము గట్టిగా చెబుతున్నాం.

జనమే కొలతైతే నెల్లూరు మిషన్ ఏనాడో మూతపడేది. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరింది కొద్దిమందే. మూసేద్దామన్న మాట 1853లోనూ, 1862లోనూ వచ్చింది. లైమన్ జూయెట్ ఒప్పుకోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను అందరూ చెబుతారు. అంతకుముందు కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ మీద కూలిపని ఇప్పించాడు. తిండికోసం చేరారన్న మాట రాకూడదని అప్పుడు బాప్తిస్మాలు ఆపాడు. ఇది ఎవరూ చెప్పరు. అంకెలే కావాలంటే ఆ కరువుకన్నా మంచి అదను ఏముంది?

మన జమ్మలమడుగునే చూడండి. లండన్ మిషనరీ సొసైటీ వైద్యుడు క్యాంప్‌బెల్ పేరుతో అక్కడ ఆసుపత్రి ఉంది. పుండు కడిగే చేతికి ఏ వేదికమీదా చప్పట్లు పడవు.

"జనం రావడం తప్పా సార్?" అని మా విద్యార్థులు అడుగుతారు. తప్పు కాదు. కానీ ఐదువేలమంది రొట్టెలు తిన్నరోజు వెంట ఉన్నవాళ్లలో సిలువ దగ్గర మిగిలిందెందరు? ఆ రోజు యేసు ఓడిపోయాడని ఏ క్రైస్తవుడైనా అంటాడా?

1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మా పెద్దలను పోలీసు హాజరుకు నిలబెట్టి తలలు లెక్కపెట్టిన కాలం మేము మరవలేదు. లెక్కపెట్టడం వేరు, పట్టించుకోవడం వేరు. ఆ తేడా మనకన్నా ఎవరికి బాగా తెలుసు?

ఉపాధ్యాయులమైన మనమూ ఇందులో దోషులమే. హాజరుపట్టీ నిండితే చాలనుకుంటాం. వెనక బెంచీ పిల్లకు చదవడం వచ్చిందా అని చూడం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈసారి సభ ముగిశాక ఎంతమంది వచ్చారని అడగవద్దు. షామియానా విప్పేశాక మన వీధికి ఎవరు వచ్చారో అడగండి. రేపు మీరే సేవకు పోతే, ఇద్దరే ఉన్న ఇంటికి కూడా చెప్పిన వేళకు పోండి.