మీట ఒకచోట, ఇబ్బంది ఊరూరా

"సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి." ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల్లో ఈ మాట వినని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. అక్షరం ముక్క రాని అవ్వ సైతం నేడు సర్వర్ పేరు పలుకుతున్నది. అదేమిటో ఆమెకు తెలియదు. అది పనిచేయని రోజున తన పని కాదని మాత్రం బాగా తెలుసు.

ఆ మధ్య ఈ ప్రాంతంలోని ఒక కార్యాలయం ముందు ఈ విలేకరి కూడా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడవలసి వచ్చింది. క్రితం రాత్రి కంప్యూటర్లలో కొత్త ప్రోగ్రాం వేశారని, అది కుదురుకోలేదని సిబ్బంది చెప్పారు. పాపం, వారి చేతుల్లో ఏమీ లేదు. వరుసలో ఉన్నవారిలో చాలామంది ఆ రోజు కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చినవారు. మర్నాడు రమ్మంటే మరో కూలి, మరో చార్జీ. ఈ నష్టం ఏ లెక్కల్లోనూ కనిపించదు.

కంప్యూటరుకు ఏ పని ఎలా చేయాలో చెప్పే ఆజ్ఞల వరుసే సాఫ్ట్‌వేర్. చట్టం మారినా, పథకం మారినా, దొంగలు చొరబడే కంత ఏదైనా బయటపడినా ఆ ఆజ్ఞలు మార్చక తప్పదు. కనుక మార్పు వద్దనడం న్యాయం కాదు. అయితే నేడు వందలాది కార్యాలయాల కంప్యూటర్లు, సిబ్బంది చేతిలోని ఫోన్లు ఒకే కేంద్రానికి తీగలతోనో, సిగ్నల్‌తోనో ముడిపడి ఉన్నాయి. కేంద్రంలో మీట నొక్కితే మార్పు అన్నిటికీ చేరుతుంది. అందులో తప్పు దొర్లితే ఆ తప్పు కూడా అంతే వేగంగా అన్నిటికీ చేరుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

ఈ విషయంలో మన రాష్ట్రానికే పాత అనుభవం ఒకటున్నది. రిజిస్ట్రేషన్ శాఖలో దస్తావేజుల పనిని కంప్యూటర్లకు ఎక్కించే 'కార్డ్' పథకాన్ని 1996లో తలపెట్టారు. ముందుగా విజయవాడలో ఒకచోట, విశాఖ జిల్లా ఆనందపురంలో ఒకచోట ప్రయోగించి చూశారు. ఆ తర్వాతనే 1998 నవంబరు 4న 214 కార్యాలయాల్లో ప్రారంభించారు. ఆనాడు ఏ కార్యాలయం లెక్కలు ఆ కార్యాలయంలోనే ఉండేవి. ఒకచోట చెడితే అక్కడే ఆగేది. ఇప్పుడు అన్నీ ఒకే గొలుసులో ఉన్నాయి కనుక ఆనాటికన్నా నేడు జాగ్రత్త ఎక్కువ కావాలి.

జాగ్రత్త తప్పితే ఏమవుతుందో 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ కంప్యూటర్లకు కాపలా కాసే తన ప్రోగ్రాంలో చిన్న మార్పు పంపింది. మన గడియారం ప్రకారం ఉదయం సుమారు 9.40 గంటలకు పంపిన ఆ మార్పులో తప్పున్నది. గంటన్నర లోపే దాన్ని ఉపసంహరించినా, అప్పటికే దాదాపు 85 లక్షల కంప్యూటర్లు పడకేశాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన పాసులు ఇవ్వవలసి వచ్చింది. పంపడం మీట మీద జరిగింది గాని, బాగుచేయడానికి చాలాచోట్ల మనిషి ఒక్కొక్క కంప్యూటరు దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. ఇకపై మార్పులను విడతలవారీగా పంపుతామని ఆ సంస్థ తర్వాత ప్రకటించింది. ఆ పని ముందే చేసి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు గదా!

బ్యాంకుల సంగతి మరింత సున్నితమైనది. బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో సుమారు 50 లక్షల మంది ఖాతాదారుల లెక్కలను కొత్త కంప్యూటర్ పద్ధతికి మార్చింది. తమ సొమ్ము తాము చూసుకోలేక, తీసుకోలేక జనం అల్లాడారు. పూర్తిగా కుదుటపడడానికి డిసెంబరు దాకా పట్టింది. అక్కడి నియంత్రణ సంస్థలు 2022లో ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి.

దూరదేశపు కథ మనకెందుకని అనుకోరాదు. 2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు పేరిట ఒక్కటయ్యాయి. వాటిలో కడప కేంద్రంగా పనిచేసిన ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు ఒకటి. మన పల్లెల్లో పంట రుణం, బంగారంపై అప్పు, పొదుపు సంఘాల లెక్క ఎక్కువగా దానితోనే ముడిపడినవి. నాలుగు బ్యాంకులకు నాలుగు వేర్వేరు పోషక బ్యాంకులు ఉండేవి. గోడమీద బోర్డు ఒక్కరోజులో మారుతుంది. కంప్యూటర్లలోని లెక్కలు ఒక గూటికి చేర్చడం ఒక్కరోజు పని కాదు. అందులో ఒక్క అంకె తారుమారైనా అది ఒక రైతు సంసారం.

నల్లరేగడిలో శనగ వేసే మన రైతు కొత్త విత్తనం వస్తే మొదటి ఏడే పదెకరాలూ విత్తడు. ఒక ఎకరంలో వేసి మొలక చూస్తాడు, కాయ చూస్తాడు. పాత విత్తనం గాదెలో ఉంచుకుంటాడు. మైలవరం జలాశయం నుంచి పెన్నకు నీరు వదిలేటప్పుడు దిగువ గ్రామాలను ముందుగా హెచ్చరిస్తారు. ఈ రెండు పద్ధతులే కంప్యూటర్లకూ చాలు.

కనుక అధికారులు కొన్ని విషయాలు పాటించడం ఎంతైనా అవసరం. కొత్త ప్రోగ్రాంను ముందుగా రెండు మూడు చోట్ల నడిపి చూడాలి. అందులో ఒకటి ప్రొద్దుటూరు వంటి రద్దీ పట్టణంలో ఉండాలి. మరొకటి సిగ్నల్ అందీ అందని మారుమూల గ్రామంలో ఉండాలి. రాజధానిలోని గదిలో చక్కగా నడిచినది పులివెందుల పక్క పల్లెలో నడుస్తుందన్న నమ్మకం లేదు. అక్కడ కుదిరిన తర్వాతనే మండలాల వారీగా విస్తరించాలి. మార్పుకు ముందు లెక్కలకు నకలు తీసి భద్రపరచాలి. చెడితే వెంటనే పాత ప్రోగ్రాంకు మళ్లే ఏర్పాటు, మళ్లమని చెప్పే అధికారం ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

రోజు ఎంచుకోవడమూ ముఖ్యమే. ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది ఇంటింటికీ వెళ్లి పింఛన్లు ఇస్తున్నారు. ఆ ముందు రోజు రాత్రి వారి ఫోన్లలో కొత్త మార్పు దించడం వృద్ధులతో ఆటలాడడమే. రుణాలు తిరగరాసుకునే మార్చి నెలాఖరూ అంతే. సేవలు ఆగే రోజును వారం ముందుగా నోటీసు బోర్డులో తెలుగులో పెట్టి, ఊళ్లో దండోరా వేయించాలి. ఆ రోజు వచ్చినవారి పేర్లు కాగితంపై రాసుకుని చీటీ ఇచ్చి, మర్నాడు ముందుగా వారి పని చేసి పంపాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. ఒక పుస్తకం, ఒక కలం చాలు.

ప్రజలు కూడా తమవంతు జాగ్రత్త పడాలి. బ్యాంకు లెక్కలు మారతాయని తెలిసినప్పుడు ముందుగానే పాసుపుస్తకంలో నిల్వ రాయించుకోవాలి. మారిన తర్వాత మళ్లీ రాయించి సరిచూసుకోవాలి. తేడా ఉంటే అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇలాంటి సమయాల్లోనే మోసగాళ్లు ఫోన్లు చేసి, 'మీ ఖాతా మారుస్తున్నాం, ఓటీపీ చెప్పండి' అంటారు. ఏ బ్యాంకూ అలా అడగదు. చెప్పరాదు.

యంత్రం ప్రజలకు మేలు చేయడానికి వచ్చింది. చేస్తున్నది కూడా. దాన్ని మార్చేవారు వరుసలో నిలబడిన మనిషిని తలచుకుని మీట నొక్కితే, "రేపు రండి" అనే మాట మన పల్లెల్లో క్రమంగా మరుగున పడుతుంది. అధికారులు ఈ దిశగా తక్షణం శ్రద్ధ వహించగలరని ఆశిద్దాం.