గళ్ల కాగితంపై గుండె లయ

గుండె దడదడలాడిందని ఆస్పత్రికి పరుగెత్తేవారు చాలామందే. తీరా అక్కడికి చేరేసరికి దడ తగ్గిపోతుంది. ఈసీజీ తీస్తే 'నార్మల్' అని వస్తుంది. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేస్తారు. అసలు చిక్కంతా అక్కడే. ఈసీజీ పట్టుకునేది ఆ కొద్ది సెకన్ల లయనే. గంట క్రితం ఏం జరిగిందో దానికి తెలియదు.

గుండె కొట్టుకోవడానికి మూలం విద్యుత్ ప్రేరణ. కుడి కర్ణికలోని సైనస్ నోడ్‌లో పుట్టి, కర్ణికల మీదుగా జఠరికలకు చేరుతుంది. ఈ ప్రయాణాన్ని గీతల్లోకి దించిన డచ్ శాస్త్రవేత్త విలెమ్ ఐంతోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి దక్కింది. ఆయన పెట్టిన పేర్లే నేటికీ వాడుకలో ఉన్నాయి. కర్ణికల ప్రేరణకు గుర్తు చిన్న పీ తరంగం. జఠరికలది నిటారైన క్యూఆర్‌ఎస్. జఠరికలు మళ్లీ సిద్ధమవుతున్నాయని చెప్పేది టీ తరంగం.

ఈసీజీ కాగితం మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే ఒక పెద్ద గడి 0.2 సెకన్లు. రెండు క్యూఆర్‌ఎస్‌ల మధ్య ఉన్న పెద్ద గళ్లతో 300ను భాగిస్తే నిమిషానికి గుండె వేగం తెలుస్తుంది. నాలుగు గళ్లుంటే 75. విశ్రాంతిగా ఉన్న పెద్దల్లో 60 నుంచి 100 దాకా మామూలే. అయితే లయ సమంగా ఉంటేనే ఈ లెక్క పనికొస్తుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఆ సమతే పోతుంది. పీ తరంగాలు మాయమవుతాయి. క్యూఆర్‌ఎస్‌ల మధ్య ఎడం ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండదు. కర్ణికలు సరిగా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే. ఈ ముప్పు ఇతరులకంటే దాదాపు అయిదు రెట్లు. రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైనవారిలో ప్రమాదం మరీ ఎక్కువ. రుమాటిక్ గుండె జబ్బుతో పాటు ఈ లయ దోషం కూడా ఉన్నవారికి కొత్త మందు రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ వంటి పాత మందులే మేలని 2022లో వెలువడిన ఇన్‌విక్టస్ అధ్యయనం తేల్చింది.

వచ్చిపోయే దడను పట్టుకోవడానికి 24 గంటలు లేదా అంతకుమించి లయను నమోదుచేసే హోల్టర్ పరికరం ఉంది. దడతోపాటు స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసం కమ్మినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. మణికట్టు దగ్గర నాడి ఎగుడుదిగుడుగా తగిలితే ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి. చేతిలో ఉన్న 'నార్మల్' కాగితం దానికి జవాబు కాదు.