పరిగెత్తి పాలు తాగే ప్రయాణాలు

మావారు సంతకం పెట్టబోతున్న కాగితాన్ని చేతిలోంచి లాక్కున్నాను. పాతికేళ్ళ కాపురంలో ఇలాంటి పని చెయ్యడం ఇదే మొదటిసారి. ఆ కాగితంలో ఏముందో వింటే మీరూ లాక్కునేవారే! పెరూ దేశం, పదకొండు రాత్రులు, ఏడు ఊళ్ళు. లిమా, నాజ్కా, అరెకిపా, పూనో, కూస్కో, మాచుపిచ్చు, ఇకిటోస్. ఒక ఊళ్ళో టిఫిను, ఇంకో ఊళ్ళో భోజనం, మరో ఊళ్ళో పడక. దీన్ని ప్రయాణం అనరు, ఉత్తరాల బట్వాడా అంటారు.

"అంత దూరం వెళ్ళి, అంత డబ్బు పోసి, మళ్ళీ ఈ జన్మలో వెళ్తామా? అన్నీ చూసెయ్యొద్దూ?" అన్నారాయన.

ఈ మాట నాకు కొత్త కాదు. మా అమ్మని బదరీ యాత్రకి పంపినప్పుడూ అందరం ఇదే మాట అన్నాం. పది రోజుల్లో నాలుగు ధామాలూ పూర్తి చేయించే బస్సు అది. కొండమీద ఊపిరందక ఆవిడ మెట్ల మీద కూలబడితే, బస్సు వెళ్ళిపోతోందంటూ తొందర పెట్టారట. ఇంటికొచ్చాక, "ఏం చూశావమ్మా?" అని అడిగాను. "బస్సు చూశానే" అంది. నవ్వాం అందరం. ఆ తర్వాత ఆవిడ మరో ప్రయాణం చెయ్యలేదు, చేసే వ్యవధి దేవుడివ్వలేదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే ఇలాంటి కాగితాలంటే నాకు ఒళ్ళు మంట.

అసలు సంగతి చెప్తాను వినండి. లిమా సముద్రపు ఒడ్డున ఉంది. కూస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మన బదరీనాథ్ కన్నా పైన! విమానం గంటంబావులో అక్కడ దింపేస్తుంది. మరి మన ఊపిరితిత్తులు ఆ వేగంతో వస్తాయా? తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం. అక్కడివాళ్ళు దీన్ని సొరోచే అంటారు. హోటళ్ళలో కోకా ఆకుల టీ ఇస్తారు. అది అతిథి మర్యాదే కాని సంజీవని కాదు. మెల్లిగా ఎక్కడం, విశ్రాంతి తీసుకోవడం, ముదిరితే కిందికి దిగిపోవడం, ఇదీ వైద్యం. రోజూ బి.పి. మాత్ర మింగే మావారిని తీసుకెళ్ళి, దిగిన సాయంత్రమే కోటగోడలు ఎక్కించాలని రాసుందా కాగితంలో!

తమాషా ఏమిటంటే, మాచుపిచ్చు ఎత్తు 2,430 మీటర్లే. మన ఊటీ కంటే కాస్త ఎక్కువ, అంతే. అంటే కూస్కో నుంచి మాచుపిచ్చుకి దిగాలన్నమాట, ఎక్కడం కాదు. ఈ చిన్న సంగతి తెలిసినవాళ్ళు కూస్కోలో దిగగానే కింద లోయలోకి వెళ్ళి పడుకుంటారు, కూస్కోని చివరికి ఉంచుకుంటారు. మా కాగితం రాసిన పెద్దమనిషికి కిలోమీటర్లు తెలుసు, మీటర్లు తెలియవు.

ఇంకో మాట. మాచుపిచ్చులోకి రోజుకి ఇంతమందినే అని లెక్క పెట్టి పంపుతారు. ఏ గంటకు లోపలికి వెళ్ళాలో టికెట్టు మీదే ఉంటుంది, అదీ ముందుగా కొనుక్కోవాలి. ఊపిరి సలపని వరసలో ఎక్కడో ఒక్క విమానం ఆలస్యమైతే, దేనికోసం బయల్దేరామో అదే పోతుంది. అప్పుడు మిగతా ఆరు ఊళ్ళూ ఏం చేసుకోను?

ఊరు మారినప్పుడల్లా పెట్టె సర్దేదెవరు? తడిబట్టలు వేరే సంచీలో కుక్కేదెవరు? మాత్రలు, పాస్‌పోర్టులు, కళ్ళజోడు వెతికేదెవరు? మగవాళ్ళు ఊళ్ళు లెక్కపెడతారు, మనం సంచులు లెక్కపెడతాం. ఇంట్లో చేసే చాకిరీనే ఇన్ని లక్షలు పోసి దక్షిణ అమెరికాలో చెయ్యమంటే నావల్ల కాదు!

పెన్సిలు తీసుకుని మూడు ఊళ్ళు కొట్టేశాను. ఇకిటోస్‌కి రోడ్డే లేదు, విమానంలోనో పడవలోనో పోవాలి. నాజ్కా గీతల్ని చిన్న విమానంలో పక్కలకి ఒరుగుతూ చూడాలి. పూనో 3,800 మీటర్లు. టిటికాకా సరస్సు గొప్పదే, కాదనను. కాని గొప్పవన్నీ మనకోసమే ఉన్నాయా? ఇక మాచుపిచ్చులో మకాం అక్కర్లేదు, లోయలోని ఒల్లాంటాయ్‌టాంబో నుంచి రైల్లో వెళ్ళి రావచ్చు. అంటే లిమా రెండు రాత్రులు, అరెకిపా మూడు, ఒల్లాంటాయ్‌టాంబో మూడు, కూస్కో మూడు. అరెకిపా 2,300 మీటర్ల పైచిలుకే కాబట్టి మొదటి మెట్టుగా పనికొస్తుంది. కొండల్లో వానలుండని మే, సెప్టెంబరు నెలల మధ్య వెళ్తే మేలు.

"మూడు రోజులు ఒకే ఊళ్ళో ఏం చేస్తావు?" అన్నారు మావారు.

ఏం చేస్తానా? అరెకిపాలో 1579లో పెట్టిన సాంటా కాటలీనా కన్యామఠం ఉంది. గోడల లోపల వీధులతో సహా ఒక ఊరే. సంపన్నుల ఆడపిల్లలు దాసీలతో సహా వచ్చి అక్కడ బతుకులు వెళ్ళదీశారు. 1970 దాకా బయటివాళ్ళకి తలుపులే తెరవలేదు. దాన్ని గంటలో చూసి రమ్మంటారా? కూస్కోలో ఇంకాల సూర్యాలయపు గోడల మీద స్పెయిన్‌వాళ్ళు చర్చి కట్టారు. 1950 భూకంపంలో ఆ కట్టడం చాలా భాగం దెబ్బతింది, అడుగున ఇంకాల గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటి ముందు కాసేపు కూర్చోవాలని ఉంది. బజారులో రంగురంగుల బంగాళాదుంపలు చూడాలని ఉంది. మనం వేపుడు చేసుకునే దుంపకి పుట్టిల్లు ఆ కొండలే మరి. రాత్రి మంచుకి గడ్డకట్టించి, కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి దాచుకుంటారట దాన్ని. మన మేడమీద వడియాల సంగతి గుర్తొస్తుంది. ఇవేవీ ఏడు ఊళ్ళ కాగితంలో లేవు, ఉండవు.

అన్నీ చూడాలన్న ఆశ తప్పని నేననను. కాని చూడ్డమంటే ఫోటో తీసుకుని పరిగెత్తడం కాదు. పరిగెత్తి పాలు తాగడం కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

మావారు నా కాగితాన్ని రెండుసార్లు చదివారు. "మరి ఆ మూడు ఊళ్ళూ?" అన్నారు దిగులుగా.

"అవి అక్కడే ఉంటాయి లెండి. మనం ఆయాసపడకుండా తిరిగి రావాలి" అన్నాను.

రేపు మీ ఇంటికీ అలాంటి కాగితం వస్తుంది. ఊళ్ళెన్ని అని అడక్కండి. పెట్టె సర్దకుండా నిద్ర లేచే పొద్దులు ఎన్నో అడగండి. అవి లేకపోతే పెన్సిలు మీరే అందుకోండి.